వనజ పెద్దమ్మకు పెద్ద అక్షరాలు

వనజ పెద్దమ్మ ముచ్చట చెప్పాలంటే బీడీల కాంచి షురూ చెయ్యాలె. సిద్దిపేటల మా గల్లీ ఆడోళ్లంత మధ్యాహ్నం అన్నాలు తిని, గిన్నెలు తోమి, నన్ను కన్న మా అవ్వ ఇంటి అరుగు మీదికి చాటలు పట్టుకొని చేరుతరు. ఒళ్లె చాట, చాటల తునికాకు, పక్కకు తంబాకు. చేతులు బీడీలు చుడుతుంటయ్, చెవులు మాత్రం వనజ పెద్దమ్మ దిక్కే ఉంటయ్. ఎందుకంటే ఆమె బీడీలు చుట్టదు, ఆమె కథలు చదువుతది.

గిది మా గల్లీల ఎప్పటిసందో నడుస్తున్న పద్ధతి. చదివేటామె చాట ఖాళీగ ఉంటది. మాపటికి లేసేముందర మిగిలినోళ్లు తలా ఒక కట్ట ఆమె చాటల ఏస్తరు. కార్ఖానల అందరి మాల్‌తోని పాటు ఆమె మాల్ సుతం అప్పజెప్పుతరు. ఎవ్వరు దయ చేసినట్టు కాదు, ఎవ్వరికి నారాజ్ లేదు. చదువుడు కూడ పనే అని మా ఆడోళ్లు ఒప్పుకున్నరు, గంతే.

పెద్దమ్మది అక్కన్నపేట. పది పాసైంది. పెండ్లయి మా గల్లీకి కొత్తగ వచ్చినప్పుడు అందరి లెక్కనే చాట ఒళ్లె పెట్టుకున్నదట. ఏం లాభం? ఆమె చుట్టిన బీడీలు ఒకటి బొద్దుగ, ఒకటి పీలగ, ఒకటి మూతి తెరుసుకొని. కార్ఖానల మాల్ చూసేటాయన అన్నిటిని పక్కకు పారేసి, “గివి తాగెటియా, చెవులు గెలికేటియా?” అని అడిగిండట. మా అవ్వ నర్సమ్మకు మొదలే ముక్కు మీద కోపం. “నువ్వు చుట్టుడు బంద్ చెయ్యవే తల్లీ, మా ఇజ్జత్ పోతున్నది. గీ వారపత్రికన్న సదువు, ఇనుకుంట చుడుతం” అన్నదట. గా దినం పట్టుకున్న పుస్తకం పెద్దమ్మ మళ్ల దించలే.

చదువుడంటే బడిల పిలగాండ్లు అప్పజెప్పినట్టు కాదు. అత్త మాట అత్త గొంతుతోని, పట్వారి మాట పట్వారి గొంతుతోని. కథ మంచి పట్టు మీద ఉన్నప్పుడు పుస్తకం మూసి, నోరు ఎండింది చాయ్ పెట్టున్రి అంటది. ఒకామె తిట్టుకుంట లేస్తది, ఇంకొకామె “జల్ది పెట్టవే” అని మొత్తుకుంటది. చాయ్ వచ్చేదాంక పెద్దమ్మ ఒక్క అక్షరం చదవదు. ఇంటికి పోతే ఆమె పెనిమిటి కాశయ్య పెద్దబాపు తయారుగ ఉంటడు. తాళ్లెక్కి కల్లు గీసేటాయన, పొద్దంత చెట్ల మీద ఉన్నా మనసు మాత్రం కథల ఉంటది. “ఇయ్యాల ఏమైందే? గా దొర దొరికిండా?” అని అడుగుతడు. ఆయనకు ఈమె మళ్ల మొదటికెళ్లి చెప్పాలె.

ఇగ నేను నర్సమ్మ బిడ్డను, సింధుజను. పాత బస్టాండు తాన నేను, మా ఆయన సుధాకర్ జిరాక్స్, నెట్ దుకాణం నడుపుతం. రూపం మా బాపుది వచ్చింది గని కోపం అవ్వదే వచ్చింది. నాకు కథలు పడవు. లేని మనుషుల కోసం ఉన్న కన్నీళ్లు కార్చుడు ఏందో నాకు సమజ్ కాదు. కానీ వనజ పెద్దమ్మ అంటే పానం. గందుకే గీ లొల్లిల ఇరుక్కున్న.

పోయిన ఎండకాలం కాంచి పెద్దమ్మ చదువుడు గాడి తప్పింది. ఒక లైను రెండుసార్లు చదివేది, ఒక లైను ఎగిరిపోయేది. పుస్తకం ముక్కుకు ఆనిచ్చుకునేది. దవాఖానల చూపిస్తే షుగరు కండ్లల్లకు దిగింది, సూదులిచ్చి ఉన్న చూపు నిలవెడతం గని పోయింది మళ్ల తేలేమన్నరు. అద్దాలు మార్చినా ఫాయిదా లేదన్నరు. భూతద్దం తెస్తే రెండు అక్షరాలు కనవడి మూడోది దాసుకునేది. ఒకనాడు పుస్తకం మూసి, “నాతోని అయితలేదు. రేపటిసంది నాకు సుత చాటల ఆకు పొయ్యున్రి” అన్నది.

ఆమెకు చుట్టరాదని అందరికి ఎరుకే. చదవకుంట ఊకెనే కట్టలు తీసుకునే మనిషి కాదని సుతం ఎరుకే. అంటే నాలుగొద్దులు చూసి అరుగు మీదికి వచ్చుడే మానేస్తది. ఆ అరుగు లేకపోతే ఆమెకు ఇంకేమున్నది? తెల్లారే మా అవ్వ నా దుకాణంలకు వచ్చి, “పొద్దంత గా మిషిన్ల ముందట ఏం పీకుతవో నాకు ఎరుక లేదు. వనజకు అక్షరాలు పెద్దగ చేసిపెట్టు” అని హుకుం జారీ చేసి పోయింది.

పెద్దగ చేసుడెంతసేపు అనుకున్న. జిరాక్స్ మిషిన్ల పెట్టి పెద్ద కాయితాల మీద తీసిన. పుస్తకం చాపంత అయింది, గాలికి పేజీలన్ని గల్లీ పొంట ఉరికినయ్. గప్పుడు సుధాకర్ హైదరాబాద్ పోయి, దుకాణం సామాన్‌తోని పాటు ఎవరో వాడి అమ్మిన ఈ-రీడర్ ఒకటి తెచ్చిండు. పుస్తకాలు చదువనీకే చేసిన మిషిన్, పలకంత ఉంటది, కండ్లల్ల కొట్టదు. మా ఆడోళ్లు దానికి పలక అనే పేరు పెట్టేసిన్రు.

పలకల మొదలు పీడీఎఫ్ ఎక్కిచ్చిన. పేజీ మొత్తం బరాబర్ వచ్చింది, అక్షరాలు మాత్రం చీమలంత. పెద్దగ గుంజితే లైను సగం బయటికి పోయె. పెద్దమ్మ “రాజమ్మ కోపంగా” అని ఆగి, వేలుతోని జరిపి, “లేచి” అని ఆగి, మళ్ల జరిపి, “తలుపు” అని ఆగింది. “గా రాజమ్మ తలుపు తీసేవరకు మాపటైతది” అన్నది మహేశ్వరక్క. మహేశ్వరక్క అంటే మా పక్కింటామె, గల్లీ మొత్తానికి సరిపోయేంత నోరున్నది. అందరు నవ్విన్రు. నాకు మండింది.

తర్వాత డీటీపీ అంజన్న తాన తను టైపు చేసిన కథల ఫైలు తెచ్చిన. అంజన్న కంప్యూటర్ల అది పదారణాల తెలుగు. పలకల ఎక్కంగనే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కాలు. అంజన్న వాడేది పాత ఫాంటు, గా ఫాంటు ఉన్న కంప్యూటర్లనే అది తెలుగు లెక్క కనవడుతది. “నా కంప్యూటరే తీస్కపో మరి” అన్నడు. బీడీల నడుమ కంప్యూటర్ ఏడ పెట్టుకోను?

ఇగ ఈపబ్ అనే ఇంకో తీరు ఉన్నది, అది మంచిదన్నరు. దాన్ని పలక తెరువనే లేదు. వేరే తీరు ఫైలు దానికి పడదట. పలకకు పడే తీరుకు మార్చి ఎక్కిస్తే తెరుసుకున్నది గని వత్తులన్ని ఊడి పక్కకు పడ్డయ్. గా పలక పాతది, తెలుగు వత్తులు అక్షరం కింద కూర్చుడు దానికి రాదు. పెద్దమ్మ ఎట్ల కనిపిస్తే అట్లనే చదివింది. కథల పట్వారికి నత్తి వచ్చినట్టయింది. అందరితోని పాటు ఆమె సుతం నవ్వింది, నవ్వి పలక పక్కకు పెట్టి, “జరంత ఆకు ఇటు పొయ్యున్రి” అన్నది. గా మాటకు ఎవ్వరి నవ్వు మిగలలే.

“ఒక్క పుస్తకానికి ఇన్ని రూపాలెందుకే?” అని అవ్వ నా మీదికి లేసింది. నేను ఒక బీడీ, ఒక ఆకు చేతులకు తీసుకున్న. “అవ్వా, పీడీఎఫ్ అంటే చుట్టిన బీడీ. చుట్టినంక దాన్ని ఇంక లావు చెయ్యొస్తదా? రాదు. ఈపబ్ అంటే విడి ఆకు, విడి తంబాకు. ఎవరికి ఎంత కావాలంటే గంత చుట్టుకోవచ్చు. అక్షరం పెద్దగైతే లైను తనంతట తనే కిందికి దిగుతది. మనకు కావాల్సింది ఈపబ్బే. గీ పాత పలకకు అది చుట్టొస్తలేదు” అన్న. అవ్వ తలకాయ ఊపి, “మరి చుట్టొచ్చేదాన్ని తేరాదు?” అన్నది. నిజమే కదా అనిపిచ్చింది.

మా ఆయన క్రికెట్ చూసుకునే పెద్ద ట్యాబు ఉండె. ఫైనల్ మ్యాచ్ అయిపోయేదాంక ఆగమని బతిమాలిండు, నేను ఆగలే. అండ్ల ఈపబ్ చదివే యాప్ వేసి, అక్షరాలు బొటనేలంత చేసి, నల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు పెట్టిన. పేజీకి నాలుగైదు మాటలే పట్టినయ్, వత్తులు మాత్రం ఏడ ఉండాల్సినయ్ ఆడనే ఉన్నయ్. పెద్దమ్మ చేతుల పెట్టిన. “రాజమ్మ కోపంగా లేచి తలుపు తెరిచింది” అని ఒక్క ఊపుల చదివింది. “తీసిందిరా తలుపు!” అని మహేశ్వరక్క చప్పట్లు కొట్టింది. మా అవ్వ కండ్లు ఒత్తుకుంటే ఏందవ్వా అని అడిగిన, తంబాకు ఘాటన్నది.

అయితే మనకు కావాల్సిన తెలుగు పుస్తకాలు ఈపబ్‌ల ఎన్ని దొరుకుతయ్? గందుకే పాత పుస్తకాలు నేనే తయారు చేసుడు షురూ చేసిన. పేజీ పేజీ ఫోటో తీస్తే యాప్ అక్షరాలు గుర్తుపడుతది, తప్పులు నేను దిద్దుత. కథ మాత్రం నా బుర్రకు ఎక్కదు. జిరాక్స్ తీసేటోళ్లం కాయితం మీద ఏమున్నదో చదవం, అలవాటే లేదు. మసక ఉన్నదా, వంకర పోయిందా, గంతే చూస్తం. గట్లనే అక్షరాలు చూసిన గని కథ చూడలే.

ఆడోళ్లకు అన్నిటికన్న ఇష్టమైంది కస్తూరి కథ. అట్ట పోయిన నవల, రాసినామె పేరు అట్టతోనే పోయింది. మహేశ్వరక్క పట్టువట్టి గదే చెయ్యమన్నది. పెద్దమ్మ మాత్రం, “గది వద్దు బిడ్డా, పేజీలు పొడిపొడి అయితున్నయ్, వేరేది చెయ్” అన్నది. మళ్ల అడిగితే, “అందరం ఇన్నదే కదనే” అని నసిగింది. నేను ఆగుతనా? ఆమె అర్రల గూట్లకెళ్లి పుస్తకం నేనే తీస్కొచ్చి మొత్తం ఎక్కిచ్చిన.

ఆ కథ వీళ్లు మొదటిసారి ఇన్నప్పుడు నేను సిద్దిపేటల లేను. సుధాకర్‌ది మా కులం కాదు. ఆయన్ని చేసుకుంటనంటే అవ్వ, “గడప దాటితే నువ్వు నాకు సచ్చినట్టే” అన్నది. నాకు కోపం తక్కువనా? దాటిన. మద్దూరుల సుధాకరోళ్ల ఇంట్ల ఉన్న. రెండేండ్లు అవ్వ ఫోన్ ఎత్తలే. నాకు నెలలు నిండుతున్నయని కబురు పంపినా ఉలుకు లేదు, పలుకు లేదు. ఇగ రాదనుకొని నేను సుతం ఆశ ఇడిసిన. గప్పుడు ఒకనాడు పొద్దుగాల్ల సంకల కోడిని పెట్టుకొని ఆటో దిగింది. దిగుడు దిగుడే, “గింత పీలగైనవేందే, నీ మొగడు అన్నం పెడుతలేడా?” అని మా ఆయన ముందటనే తిట్టింది. ఎందుకు వచ్చినవని నేను అడగలే, ఆమె చెప్పలే. కడుపుతోని ఉన్న అని మనసు కరిగిందనుకున్న. కాన్పు తర్వాత సిద్దిపేటకు తోలుకొచ్చింది, దుకాణం పెట్టిచ్చింది. గీడనే ఉన్నం.

సరే, కస్తూరి కాడికొద్దం. పోయిన నెల పెద్దమ్మకు కంట్లె సూది ఇచ్చిన్రు, కొన్ని దినాలు ఏం చదవొద్దన్నరు. అరుగు మీద ఆడోళ్లకు పొద్దు పోతలేదు. మహేశ్వరక్క బిడ్డ వినీత డిగ్రీ చదువుతది. ఆ పిల్ల ట్యాబుల ఏదో నొక్కితే పుస్తకం తనే చదువుడు షురూ చేసిందట. చీటీ చూసి ఒప్పజెప్పినట్టు ఉండే మిషిన్ గొంతు, ఏడుపైనా గంతే నవ్వైనా గంతే. అయినా ఏం లేనికాడికి మంచిదే అని కస్తూరి కథ పెట్టుకున్నరు.

నాలుగో దినం మహేశ్వరక్క కొంగు నడుముకు చెక్కుకొని నా దుకాణంలకు ఉరికొచ్చింది. దుకాణం నిండ గిరాకి ఉన్నది.

“ఏం చేసినవే సింధుజా! కస్తూరి సచ్చిపోయింది!”

ఫోటో దిగనీకే వచ్చిన ఒక పెద్దాయన పాపం కుర్చీలకెళ్లి లేసి, “అయ్యో, ఎట్లయిందమ్మా?” అన్నడు.

“గీమెనే సంపింది” అన్నది మహేశ్వరక్క నన్ను చూపిచ్చి. “కాన్పుల పానం మీదికొచ్చి అవ్వా అవ్వా అని కలవరిస్తే, గా తల్లి తలుపేసుకొని కూసున్నది. రాలేదు. పిల్ల సచ్చింది. గట్లెట్ల అయితది? తల్లి రావాలె కద! బస్సెక్కి రావాలె, మంచం పక్కన కూసోవాలె, మిరియాల చారు పొయ్యాలె. నువ్వు గా రూపం ఈ రూపం మార్చుడుల కథ మొత్తం ఉల్టా అయింది!”

“రూపం మారిస్తే వత్తులు పోతయ్ అక్కా, మనుషులు సావరు” అన్న.

“పలకల నత్తి వచ్చిందా లేదా? నత్తి వచ్చినప్పుడు సావెందుకు రాదు?”

గిరాకి అంత నవ్వుతున్నరు. నా దుకాణంల నిలవడి, నా పని ఖరాబంటే నేను ఊకుంటనా? సొరుగుల ఉన్న అసలు పుస్తకం గుంజి, దుకాణం సుధాకర్‌కు అప్పజెప్పి, అక్క ఎన్క అరుగు కాడికి ఉరికిన. అందరు ఆడనే ఉన్నరు. పెద్దమ్మ సుతం నల్లద్దాలు పెట్టుకొని గోడకు ఆనుకొని కూసున్నది, గా దినమే దవాఖాన నుంచి చూపిచ్చుకొని వచ్చింది. నేను ఎవ్వరి మొఖం చూడలే. వినీత చేతుల పుస్తకం పెట్టి, “ఆఖరి పేజీలు గట్టిగ సదువు బిడ్డా. మిషిన్ తప్పా, నేను తప్పా, తేలుస్త” అన్న.

వినీత చదివింది. అచ్చుల సుతం తల్లి రాలేదు. అచ్చుల సుతం కస్తూరి సచ్చిపోయింది. “ఇన్నరా?” అని నేను నడుము మీద చెయ్యి పెట్టుకొని అందరి దిక్కు చూసిన. ఎవ్వరు నన్ను చూస్తలేరు. అందరు పెద్దమ్మ దిక్కు చూస్తున్నరు. ఆమె కొంగు కొసను వేలుకు చుట్టుకుంట, ఇప్పుకుంట ఉన్నది. గప్పుడు నా బుర్రకు ఎక్కింది. నేను గెలిచిన గని ఎవరి మీద గెలిచిన్నో చూసుకోలే. నా నోరు పడిపోను అనుకున్న.

“నేనే మార్చిన” అన్నది పెద్దమ్మ మెల్లగ. “గీ ఒక్కటి కాదు. తర్వాత సదివిన కథలు సుతం శాన మార్చిన.”

మహేశ్వరక్కనే మొదలు తేరుకున్నది. “మరి గా లాయరు? జైలుకెళ్లి ఇడిసిపెట్టిన్రన్నవ్ కద?”

“ఉరి పడ్డది.”

“అయ్యో నా తండ్రి! గా కుంటి గుర్రం?”

“కథ నడుమలనే సచ్చింది.”

“గుర్రం సుతమా! మొన్నటిదాంక దాని పిల్లల ముచ్చట చెప్పినవ్ గదనే!”

“ఏం చెయ్యాలె, దానికి పిల్లలు పుడితే మంచిగుంటదనిపిచ్చింది” అన్నది పెద్దమ్మ. ఒకామెకు నవ్వు ఆగలే, కొంగు అడ్డం పెట్టుకున్నది. ఇంకొకామె మాత్రం చాటల ఆకు అటిటు అనుకుంట, “గిన్నేండ్లు అబద్ధాలా ఇన్నది? మా బీడీల కట్టలు తీస్కొని మాకు అబద్ధాలు సదివినవా?” అన్నది. గా మాట సూటిగ తాకింది. పెద్దమ్మ ట్యాబు తీసి నా చేతుల పెట్టి, “నిజమే. ఇగ గిదే సదువుతది. గిది మార్చదు” అన్నది.

గప్పుడు మా అవ్వ చాట పక్కకు పెట్టి లేసింది. ఆమె లేసిందంటే ఎవరో ఒకరికి ఉన్నట్టే. పెద్దమ్మ ముందటికి పోయి నిలవడి, “కస్తూరి తల్లిని ఎందుకు తోల్కొచ్చినవ్?” అని అడిగింది.

పెద్దమ్మ నల్లద్దాలు తీసి తుడుసుకున్నది. “ఏం చెప్పాలె నర్సమ్మా? గా దినం నువ్వు నా ఎదురుంగ కూసున్నవ్. పొద్దంత ఒక్క బీడీ చుట్టలే. ఆకు చేతులనే ఉన్నది. మద్దూరుకెళ్లి కబురొచ్చి అప్పటికి వారం దాటింది, నాకు ఎరుక. నేను పేజీ తిప్పిన. అండ్ల తల్లి రాలేదు, పిల్ల సచ్చిపోయింది. ఎట్ల సదవాలె? నీ మొఖం చూసుకుంట ఎట్ల సదవాలె? నోటికి వచ్చింది సదివిన. తల్లి లేసింది, బస్సెక్కింది అని సదివిన.”

“నేను తెల్లారే పోయిన” అన్నది అవ్వ. “గంత పట్టింపు ఉన్న తల్లే పోంగ, నాకేం రోగమనుకున్న. చీకట్లనే లేసి కోడిని పట్టుకున్న, చేర్యాల బస్సెక్కిన, ఆడ దిగి మద్దూరుకు ఆటో పట్టిన.” ఎన్కకు తిరిగి నన్ను చూసింది. “నువ్వేమో కడుపు చూసి వచ్చిన్ననుకుంటివి. కాదు. వనజ సదివింది, నేను పోయిన.”

నా మనసుల గిన్నేండ్లు ఒక లెక్క ఉండె, అవ్వకు పానం కొట్టుకొని తనంతట తనే వచ్చిందని. గా లెక్క పోయింది. కోపం వచ్చింది, ఎవరి మీదనో తెలవలే. వినీత చేతుల ఆ పేజీ ఇంకా తెరిచే ఉన్నది. పెద్దమ్మ ఉన్నదున్నట్టు చదివి ఉంటే అవ్వ తలుపేసుకునే ఉండేది. కస్తూరి తాన నా పేరు పెట్టుకొని చూసిన. కథల కోసం కన్నీళ్లు ఏందని నవ్వేదాన్ని, అరుగు మెట్టు మీద కూలవడి ఎక్కెక్కి ఏడ్చిన. మహేశ్వరక్క నా వీపు రాసుకుంట, “ఊకో బిడ్డా ఊకో, నీ పని మంచిగనే ఉన్నది, ఈపబ్ బరాబర్ ఉన్నది” అంటది. ఏడ్పుల నవ్వొచ్చింది.

గంత జరిగినా పెద్దమ్మ మాట మీదనే నిలవడ్డది. అబద్ధాలన్న మాట ఆమెకు ముల్లు లెక్క దిగింది. తెల్లారి వచ్చి చాటల ఆకు పోసుకున్నది. ట్యాబు మిషిన్ గొంతుతోని చదువుతుంటే తలకాయ వంచుకొని చుట్టింది. అవేం బీడీలు! అప్పటి లెక్కనే ఒకటి బొద్దుగ, ఒకటి పీలగ. మాపటికి లేసేటప్పుడు మహేశ్వరక్క అలవాటుగ ఒక కట్ట ఆమె చాటల ఏస్తే, తీసి మళ్ల ఆమె చాటలనే పెట్టింది. గట్ల వారం నడిచింది. ఆడోళ్లు మిషిన్‌ను ఇనుడే బంద్ పెట్టిన్రు, ఎవ్వరి పని వాళ్లు సప్పుడు చెయ్యకుంట చేసుకుంటున్నరు. అబద్ధాలన్న ఆమెనే అందరికన్న ముందు, “గింత మూగతనం నాతోని కాదు” అని గొణిగింది. పెద్దమ్మ ఇనవడనట్టు ఆకు మలుసుకుంట కూసున్నది. రేపోమాపో రావుడు మానేస్తదని అవ్వ నాకు చెప్పింది.

ఆ తెల్లారి నేను కొత్త నవల ఒకటి ఈపబ్ చేసి ట్యాబుల ఎక్కిచ్చుకొని పోయిన. గా పుస్తకం పెద్దమ్మ సుతం ఎన్నడు చదవంది. అవ్వ ట్యాబు నా చేతులకెళ్లి గుంజుకొని, పెద్దమ్మ ఒళ్లె ఉన్న చాట తీసి పక్కకు పెట్టి, ట్యాబు ఆ జాగల పెట్టింది.

“సదువు.”

“వద్దు నర్సమ్మా. నాకు ఆగదు, మళ్ల మారుస్త.”

“మార్చకు. ఉన్నది ఉన్నట్టే సదువు. నీ కండ్లకు కనవడ్డది కనవడ్డట్టే సదువు.”

పెద్దమ్మ చదివింది. బొటనేలంత అక్షరాలు ఒక్కటొక్కటి చూసుకుంట, ఒక్క మాట అటిటు కాకుంట. వారంల నవల ఆఖరికొచ్చింది. అండ్ల ఇద్దరు అన్నదమ్ములు భూమి కాడ లొల్లి పడి విడిపోతరు. ఆఖరికి తమ్ముడు పరాయి ఊర్ల దిక్కు లేకుంట సచ్చిపోతడు, అన్నకు కబురు సుతం అందది. పెద్దమ్మ ఆగలే, మార్చలే. ఆఖరి మాట దాంక చదివి ట్యాబు దించింది. అరుగు మీద అందరు ముక్కులు చీదుకుంటున్నరు. గా దినం నేను దుకాణం మాట మర్చి ఆడనే ఉన్న, నేను సుతం కొంగుతోని కండ్లు తుడుసుకున్న.

మా అవ్వ ఒక కట్ట తీసి పెద్దమ్మ ఖాళీ చాటల ఏసింది. ఎన్కెమ్మటే మహేశ్వరక్క ఒకటి, అబద్ధాలన్న ఆమె ఒకటి. పెద్దమ్మ గా కట్టల దిక్కు చూసుకుంట కూసున్నది.

“సరే, గది రాసినాయన ముచ్చట” అన్నది అవ్వ, చాట ఒళ్లెకు జరుపుకొని కొత్త ఆకు తీసుకుంట. “అయిపోయింది. ఇగ నీది చెప్పు.”